తొలి పంపు

కట్టయ్యకు వాసన తెలియదు. పక్కింట్లో ఎండుచేపలు వేగుతున్నా, పొయ్యి మీద పాలు మాడుతున్నా ఆయన ముక్కుకు కబురందదు. ఇరవై ఆరేళ్లుగా వీపుకు పంపు తగిలించుకుని ఊరందరి చేలలో పురుగుమందు కొట్టిన మనిషికి ముక్కు పనిచేస్తేనే వింత. దాని గురించి ఆయన ఏనాడూ బాధపడలేదు. "వాసనొస్తే గీ పని జేద్దునా" అని నవ్వేసేవాడు. నీళ్లలో మందు పోయగానే తేలే రంగు చూసి అది ఏ పురుగుకు కొట్టేదో చెప్పేవాడు. గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి తువ్వాల అంచు నుంచి దారప్పోగు లాగి వదిలేవాడు. చిల్పూరు గుట్ట కనిపించే ఊళ్లన్నిటిలో మందు కొడితే కట్టయ్యే కొట్టాలి, ఆకు అడుగున కూడా తడవని చోటు ఉండదు అని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

ఆయనకొక పద్ధతి ఉంది. సాయంత్రం పని ముగిశాక పంపును మూడుసార్లు కడిగి గోడ పక్కన బోర్లిస్తాడు. తెల్లారి ఆ కడిగిన పంపులో కలిపే మొదటి మందును కూలికి కొట్టడు. ఈనిన బర్రె జున్నుపాలు అమ్ముకోకూడదు, నలుగురికీ పంచాలి అని వాళ్ల అవ్వ చెప్పేది. పంపుకూ అదే వర్తిస్తుందని ఆయనకు ఎందుకో తోచింది. తొలి పంపు సొంతవాళ్లది, దానికి పైసా ముట్టకూడదు. అది కొట్టి, ఇంటికొచ్చి సద్ది తిని, రైతులు పాలు పిండుకుని పొలాలకు చేరాక పది దాటి కూలి పని మొదలుపెట్టేవాడు. కట్టన్న తొలి పంపు ఇచ్చాడంటే ఊళ్లో అదొక మర్యాద. ఆరేళ్లుగా ఆ మర్యాద అందుకుంటున్నది ఆయన చెల్లెలు వెంకటనర్సమ్మ.

నర్సమ్మ భర్త జ్వరంతో పోయాక కూతురు సుమను వెంటబెట్టుకుని పుట్టిన ఊరికి వచ్చింది. సుమ ఇప్పుడు హనుమకొండలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఎవరూ అడగకముందే కట్టయ్య తన భూమిలోంచి ఎకరం పది గుంటలు చెల్లెలికి విడదీసి ఇచ్చాడు. బోరు నీళ్లలో సగం ఇచ్చాడు. అంత చేసిన అన్నలను నేను ఎక్కువమందిని చూడలేదు, అందుకే ఈ కథ చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

మొదటి రెండేళ్లు ఆమె వంకాయ, టమాట వేసింది. బాగానే కాశాయి. అయితే ఒంటి మనిషి, రోజు విడిచి రోజు కోసి గంపలు బస్సుకెక్కించడం చేతకాలేదు. పని తక్కువని గుమ్మడికి మారింది. ఇక అక్కడి నుంచి ఆమెకు కష్టకాలమే.

తీగ ఏపుగా పాకేది. ఆకులు చాటలంత ఉండేవి. పొద్దున్నే చూస్తే చేనంతా పసుపు ఆరబోసినట్టుండేది. పూల కింద చిన్న చిన్న పిందెలు కనబడితే నర్సమ్మ గట్టు మీద కూర్చుని మురిసిపోయేది. నాలుగో రోజుకు ఆ పిందెలు పండుబారేవి, వారానికల్లా మెత్తబడి రాలేవి. నాలుగు చేల అవతల తుల్సీరాం అవే విత్తనాలు వేసి, ట్రాక్టరు నిండా కాయ వరంగల్ మార్కెట్టుకు తోలేవాడు.

కట్టయ్య పరేషాన్ అయ్యాడు. పిందె రాలుతోందంటే కనబడని పురుగేదో ఉన్నట్టే లెక్క. వారానికోసారి కొట్టే మందును నాలుగు రోజులకోసారి కొట్టాడు. గట్ల మీది గడ్డిలో పురుగు దాక్కుంటుందని గడ్డిమందు కూడా కొట్టి, చెల్లెలి గట్లను అలికిన వాకిలిలా చేసి పెట్టాడు. తొర్రూరు నుంచి కొత్త మందు వచ్చిందంటే బస్సెక్కి పోయి తెచ్చాడు. రెండో ఏడు పిందె నిలవలేదు. మూడో ఏడూ అంతే.

ఊరు మాత్రం ఎంతకాలమని నోరు కట్టుకుంటుంది. భూమి అన్నదే, నీళ్లు అన్నవే, మందు అన్న చేతిదే. అన్న పత్తికి ఏ రోగమూ లేదు. ఇక మిగిలింది ఆమె చెయ్యి. ఆ చెయ్యి విత్తనానికి అచ్చిరాదన్నారు. మొదట బావి కాడ అన్నారు, తర్వాత ఆమె వినేటట్టే అన్నారు.

మా దిక్కు గింజలు పెట్టడం ఆడవాళ్ల పని. పక్క తండా నుంచి బుజ్జి అనే ఆమె ఎనిమిది మందిని గుంపుగా తెచ్చి పత్తి గింజలు, మక్క గింజలు పెట్టిస్తుంది. నర్సమ్మ ఆ గుంపులో తొమ్మిదో మనిషి. రెండేళ్ల నుంచి ఆమెను కలుపుకు పిలుస్తున్నారు, విత్తనానికి పిలవడం లేదు. కిందటేడు బతుకమ్మ పండుగకు ఇంకో సంగతి జరిగింది. గుమ్మడి పువ్వు కోసం ఆడపిల్లలంతా నర్సమ్మ చేను మీద పడేవాళ్లు. కాయలు లేకపోయినా పూలకు కొదవలేదు కదా. కిందటేడు ఒక్కరూ రాలేదు. ఆమే తెల్లారి కోసి గంపలో పెట్టుకుని బాట పక్కన నిలబడింది. వచ్చేపోయేవాళ్లు పలకరించారు, బాగున్నావా అన్నారు, పూలు మాత్రం ముట్టలేదు. ఆమె గంపను అలాగే ఇంటికి మోసుకెళ్లి బర్రె ముందు పోసింది.

ఈ ఏడు గుమ్మడి పెట్టిన రోజే నర్సమ్మ అన్నకు చెప్పేసింది. "గీసారి గూడ గిట్లనే పోతే దసరా ఎల్లినంక పట్నం పోతన్నా. ఎవలింట్లనన్న బోళ్లు తోముకుంట. భూమి నువ్వే కలుపుకో."

"గట్ల మాట్లాడకు చెల్లె. నేను జూస్కుంట" అన్నాడు కట్టయ్య. ఆ మర్నాటి నుంచి చెల్లెలి చేను మీద ఇంకా కాపు కాశాడు.

సింధూజ ఆ వానాకాలమే వచ్చింది. భూపాలపల్లి పిల్ల, తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె చదువు ఏమిటంటే పంటచేలలో ఏ మొక్క మీద ఏ పురుగు వాలుతుంది, ఎందుకు వాలుతుంది అని చూడటం. జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా నలభై చేలు ఎంచుకుని, ఒక్కోదానికి నంబరు వేసుకుని, స్కూటీ మీద తిరిగేది. గట్ల మీద పసుపు, నీలం, తెలుపు గిన్నెలు పెట్టి సబ్బునీళ్లు పోసేది. వాటిలో పడిన పురుగులను పట్టుకారతో తీసి సీసాల్లో దాచేది. తర్వాత పూల ముందు కదలకుండా కూర్చుని, గడియారం చూసుకుంటూ పది నిమిషాల్లో ఎన్ని వాలాయో కాగితం మీద గీతలు పెట్టుకునేది.

కట్టయ్యకు ఇది భలే తమాషాగా ఉండేది. ఆయన పంపు దించి పక్కన కూర్చుని అడిగేవాడు. "పురుగులను లెక్కవెడితే జీతమిస్తరా బిడ్డా?"

"ఇస్తరు కాకా. లెక్క తప్పితే ఇయ్యరు."

"నువ్వు నెలంత లెక్కవెట్టేటియి నేను ఒక్క పూటల సంపుత."

ఆ పిల్ల కూడా నవ్వేది. గట్టు మీది గడ్డిచేమంతిని, తుమ్మి పువ్వును చూపించి వీటికి మందు కొట్టకు కాకా, ఇవి వాటికి సద్ది అనేది. కట్టయ్య తలూపి, మర్నాడే కొట్టేసేవాడు. తుల్సీరాం గట్ల మీద మాత్రం గడ్డి మోకాలెత్తున పెరిగేది. తుల్సీరాంకు బద్ధకం, ఇంకేం లేదు.

సెప్టెంబరు నడుమ ఒక రోజు, పదిన్నర అవుతుండగా, కట్టయ్య తొలి పంపు కొట్టొచ్చి, సద్ది తిని కూలి పనికి బయలుదేరుతుంటే సింధూజ బాట మీద ఎదురైంది. "కాకా, జర మీ చెల్లె చేన్లకు రా. నీకొకటి చూపియ్యాలె" అంది. నర్సమ్మ ఆ వేళ ఎవరిదో మిరప చేలో కలుపుకు పోయింది.

చేనులో ఒక మూల ఆకులు పక్కకు జరిపి సింధూజ కూర్చుంది. ఆకు కింద పిడికిలంత గుమ్మడి పిందె. ముచ్చికకు ఎర్రదారం కట్టి ఉంది. ఇంకో ఆకు జరిపింది, ఇంకోటి. కొన్ని కొబ్బరికాయంత ఉన్నాయి. నాలుగేళ్లుగా ఆ చేనులో అంత కాయను కట్టయ్య చూడలేదు. మోకాళ్ల మీద కూలబడి వాటిని తడిమాడు.

"పన్నెండు పూలకు దారం కట్టిన. పదకొండు నిలవడ్డయి" అంది సింధూజ.

"ఏం మందు పోసినవ్ బిడ్డా?"

"ఏం పొయ్యలే. పది రోజుల కింద పొద్దుగాల నర్సమ్మత్తకు ఒక పని జెప్పిన. మొగపువ్వు తెంపి, రేకలు తీసేసి, నడుమనున్న పొడిని పిందె పువ్వుకు రుద్దమన్న. అత్త తన చేత్తోనే రుద్దింది."

"మా చెల్లె చేత్తోనా?"

"అత్త చేత్తోనే."

కట్టయ్య ఇంకోసారి కూడా అడిగాడు. ఆ పిల్ల ఇంకోసారి కూడా చెప్పింది. ఆయనకు ఒళ్లంతా తేలికైనట్టయింది. చెల్లెలి చెయ్యి మంచిదే. ఊరంతా తప్పు. ఈ మాట ఊరికి ఎట్లా చెప్పాలా, ముందు ఎవరి మొహాన చెప్పాలా అని అప్పుడే లెక్కలు వేసుకోసాగాడు. పాపం, ఆయన సంతోషం సరిగ్గా అంతసేపే నిలిచింది.

సింధూజ ఇంకా మాట్లాడుతోంది. "చేత్తోని చేసిన గీ పని మామూలుగ చేసేది ఈగలు కాకా. తేనెటీగలు, గట్టుల బొక్కలు చేసుకొని ఉండే మంటి ఈగలు, తుమ్మెదలు. వంకాయ, టమాట ఎట్లనో తమంతట తాము సర్దుకుంటయి. గుమ్మడికి ఎవలన్న పొడి మోసుకరావాలె. తుల్సీరాం చేన్ల పది నిమిషాలు కూసుంటే పద్నాలుగు వచ్చినయి. ఈడ కూసుంటే ఒకటి. మందు కొట్టిన్నాడు ఒక్కటి గూడ లేదు. నాకు సమజైతలేదు. అదే విత్తనం, అదే మందు, కొట్టేది గూడ నువ్వే. మరి గీ ఒక్క చేన్లనే ఎందుకు లేవు?"

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. "ఏ చేనుకు ఎన్నింటికి కొడతవో జర జెప్పు. రాసుకుంట."

ఆ ప్రశ్నకు కట్టయ్య ఛాతీ కొంచెం పొంగింది. తన పద్ధతి గురించి అడిగేవాళ్లంటే ఆయనకు ఇష్టం. "అందరియి పది దాటినంకనే. గిది మాత్రం తెల్లారంగనే. ఆరు, ఆరున్నర. తొలి పంపు మా చెల్లెది. ఆరేండ్ల సంది ఒక్కనాడు తప్పలే" అన్నాడు.

సింధూజ కలం ఆగింది. చేను వైపు చూసింది. అప్పటికి పూలన్నీ ముడుచుకుని, పిండిన గుడ్డల్లా వేలాడుతున్నాయి.

"కాకా, గీ పూలు ఎప్పుడు విచ్చుకుంటయి?" ఆమె గొంతు తగ్గింది.

"తెల్లారంగ."

"ఎప్పుడు ముడుసుకుంటయి?"

"పది అయ్యేసరికి..." అన్నాడు కట్టయ్య. ఆ మాట పూర్తి కాలేదు.

సింధూజ ఒక ముడుచుకున్న పువ్వును తెంపి, రేకలు విప్పి, అరచేతిలో పెట్టుకుని ఆయన ముందు చాపింది. లోపల ఒక తేనెటీగ కాళ్లు ముడుచుకుని పడి ఉంది. కాళ్లకు పసుపు పొడి అంటుకునే ఉంది.

కట్టయ్య వంగి ఇంకో పువ్వు విప్పాడు. అందులో రెండున్నాయి. ఇంకోటి విప్పాడు. చీమంత నల్లని ఈగ ఒకటి. ఆ పక్కదానిలో ఏమీ లేదు, ఆయనకు ఊపిరి వచ్చింది. దాని పక్కదానిలో తుమ్మెద, రెక్కలు మందుతో అతుక్కుపోయి ఉంది. ఆయన ఆగలేదు. వరుస వెంట వంగి వంగి పోతూ పువ్వు తర్వాత పువ్వు విప్పాడు. ఇరవై ఆరేళ్లు ఆకు అడుగున కూడా తడవని చోటు లేకుండా కొట్టిన చెయ్యి అది. పువ్వు లోపల కూడా వదల్లేదు. ఎన్ని విప్పాడో ఆయనకు తెలియదు. చేను నడుమ నిలబడిపోయి, తన రెండు చేతులు వేరెవరివో అన్నట్టు వాటినే చూస్తూ ఉండిపోయాడు.

తుల్సీరాం పూలు పని ముగించుకుని ముడుచుకున్నాక అక్కడ మందు పడింది. ఊరందరి పూలకూ అంతే. డబ్బులిచ్చిన వాళ్లందరి పూలూ క్షేమం. ప్రేమతో, ఉచితంగా, అందరికంటే ముందు కొట్టినందుకు ఒక్క చెల్లెలి చేనులోనే, పూలు విచ్చుకుని ఈగలు లోపల ఉన్న వేళకు సరిగ్గా, నాలుగేళ్లు మందు పడింది. పిందె రాలిందని మందు కొట్టాడు. మందు కొట్టాడు కాబట్టి పిందె రాలింది. రాలిందని మళ్లీ కొట్టాడు. గట్టు మీద ఉన్న నాలుగు ఈగల ఇళ్లను కూడా అలికినట్టు శుభ్రం చేశాడు. ఈ సంగతి ఒక్కసారిగా తలకెక్కేసరికి కట్టయ్య గట్టు పట్టుకుని కూర్చున్నాడు.

సింధూజ కూడా బిత్తరపోయింది. తాను అడిగిన ప్రశ్నకు ఇలాంటి జవాబు వస్తుందని ఆమె అనుకోలేదు. సీసాలోని నీళ్లు ఆయన చేతికిచ్చి అంది. "నీ పేరు ఏడ రాయను కాకా. కాగితంల చేనుకు నంబరే ఉంటది. ముప్పై ఒకటి. అత్తకు నేనేం జెప్ప. రేపటి సంది పొద్దుగాల కొట్టకు, చాలు."

అంటే ఎవరికీ తెలియనక్కర లేదు. రేపటి నుంచి పది దాటాక కొడితే సరి, లేదా కొట్టకుండా ఉంటే ఇంకా మంచిది. కాయ నిలుస్తుంది. కట్టన్న కొత్త మందు పనిచేసిందని ఊరు మెచ్చుకుంటుంది కూడా. ఆ ఆలోచన రాలేదని నేను చెప్పను. వచ్చింది. గట్టు మీద కూర్చున్నంతసేపూ ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

అప్పుడు ఆయనకు ఇంకో రోజు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద, జూన్‌లో, తన సొంత పత్తి చేనులో గింజలు పెట్టే రోజు. బుజ్జి గుంపుతో పాటు నర్సమ్మ కూడా ఒడిలో గింజలు పోసుకుని నాగటి సాలులో నిలబడింది. కట్టయ్య మెల్లగా దగ్గరికి వెళ్లి, "నువ్వు అటు నీళ్లు మొయ్యి చెల్లె. గింజలు వీళ్లు వెడతరు" అన్నాడు. గట్టిగా అనలేదు. కోపంగా అనలేదు. ఎండలో ఎందుకు కష్టపడుతుందని అన్నట్టే అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, ఒడిలోని గింజలు బుజ్జి గంపలో పోసి, బిందె ఎత్తుకుంది. కట్టయ్య ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

ఆ రోజు ఆయన కూలికి పోలేదు. సాయంత్రం నర్సమ్మ కలుపు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే వాకిట్లోకి వచ్చి, తువ్వాల మూట విప్పి అరుగు మీద పెట్టాడు. నిండా ముడుచుకున్న పూలు. ఒక్కోటి విప్పి చూపించాడు. మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఆయన పెద్ద మాటకారి కాదు, రెండుసార్లు తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. నర్సమ్మ కాళ్ల మీద నీళ్లు ఆరిపోయాయి.

చివరికి ఆమె, "నా చెయ్యి కాదన్నట్టు" అంది.

"కాదు చెల్లె. నాదే."

"గా ఎర్రదారం కాయలు జూసినప్పుడే నాకు అనుమానమొచ్చె. మొక్కుకున్న, గిది నిజం కావాలె అని. కారణం నువ్వే అయితవని అనుకోలే." ఆమె అరుగు మీద కూర్చుంది. "నీకొకటి జెప్తన్నా. ఊరోళ్లు ఎన్ని అన్నా బుజ్జి నన్ను ఇడువలే. ఒట్టి మాటలక్కా, నువ్వు రా అనేది. నువ్వు నీళ్లు మొయ్యమన్నంకనే ఇడిసింది. సొంత అన్ననే ముట్టనియ్యకపాయె, మేమెట్ల ముట్టనిస్తం అన్నది. నేనేమనాలె. నిజమే గదా అనుకున్న."

కట్టయ్యకు మందు సంగతి తెలిసినప్పటి కంటే ఇది ఎక్కువ తగిలింది. ఆ తేనెటీగలను ఆయన తెలియక చంపాడు. ఈ పని మాత్రం తెలిసే చేశాడు.

నర్సమ్మ ఆగలేదు. నాలుగేళ్లు ఆగిన మనిషి మరి. "నీ మనుమరాలిని ఇరవై ఒకటో దినం తొట్లెల ఏసేటప్పుడు నేను ఎత్తుకోలేదని వదిన అలిగింది. యాదికున్నదా? ఆడిబిడ్డకు అంత గర్వమేంది అన్నది. నా చెయ్యి తగిలితే పసిపిల్లకు ఏమన్న అయితదేమోనని ఎత్తుకోలే అన్నా. గిప్పటికి ఆ పొల్ల చెయ్యి గూడ ముట్టలే. అది అవ్వా అని మీదికొస్తే ఎనకకు జరుగుత."

కట్టయ్య మనుమరాలికి అప్పుడు ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో చెల్లెలు ఆ పిల్లను ఒక్కసారి కూడా ముట్టలేదన్న సంగతి ఆయన కళ్ల ముందే జరిగింది, ఆయన చూడలేదు. నర్సమ్మ లేచి, అరుగు మీది పూలను చెంగులోకి ఎత్తి, పెరట్లో చిన్న గుంట తీసి పూడ్చింది. "పొయిరా అన్నా. పొద్దువోయింది" అంది.

తర్వాత ఇరవై రోజులు ఆమె అన్నతో మాట్లాడలేదు. కట్టయ్య కూలికి పోయాడు, తొలి పంపు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున పంపును గోడ పక్కనే బోర్లా ఉంచేవాడు. గుమ్మడి, దోస, బీర వేసిన రైతులు పిలిస్తే పూల వేళలు అడిగి గానీ కదిలేవాడు కాదు, కట్టన్నకు చాదస్తం ముదిరిందని అందరూ నవ్వారు. నర్సమ్మ గట్ల మీద గడ్డి మొలిచింది. ఆ గట్టున కూర్చుని గీతలు పెట్టుకునే సింధూజ కాగితంలో మొదటి వారం రెండు గీతలు, తర్వాత ఐదు, తర్వాత తొమ్మిది పడ్డాయి. ఆలస్యంగా పట్టిన పిందెలు ఒక్కొక్కటే ఆకుల కింద ఉబ్బసాగాయి.

బతుకమ్మ వచ్చింది. ఈసారీ ఆ చేనుకు పూల కోసం ఎవరూ రాలేదు. నర్సమ్మ తంగేడు, గునుగుతోనే తన బతుకమ్మను పేర్చి, ఆటలో చివరన నిలబడింది. కట్టయ్య దూరం నుంచి చూశాడు. అందరి ముందుకు పోయి చెప్పేద్దామనుకున్నాడు, కాళ్లు రాలేదు. ఇరవై ఆరేళ్ల పేరు అడ్డం నిలబడింది. దసరా వెళ్లింది. నర్సమ్మ పట్నం పోయే సంచి సర్దుకుందని భార్య చెప్పింది.

దసరా వెళ్లిన ఐదో రోజు కట్టయ్య తన ఎకరంలో మక్క పెట్టడానికి బుజ్జి గుంపును పిలిచాడు. నర్సమ్మకు భార్యతో కబురు పంపాడు. వస్తుందన్న నమ్మకం లేదు. ఆమె వచ్చింది, అందరి కంటే వెనక. అలవాటు ప్రకారం నీళ్ల బిందెల దగ్గర నిలబడింది.

గింజల సంచి విప్పి ఆడవాళ్లు ఒడులు పట్టారు. కట్టయ్య ఎవరి ఒడిలోనూ పోయలేదు. "బుజ్జీ, జరాగు. మీరందరు ఒక మాట ఇనాలె" అన్నాడు.

అంతా చెప్పాడు. పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో, ఎప్పుడు ముడుచుకుంటుందో, తొలి పంపు ఎప్పుడు పడిందో. పూల లోపల తాను చూసింది. పన్నెండు పూలలో పదకొండు నర్సమ్మ చేత్తో నిలబడ్డాయని. "గింజల కాడ దాన్ని ఆపింది నేను. మీరు గాదు. గా చెయ్యికి ఏం గాలే. చేనును సంపింది నా చెయ్యి" అన్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

ఆడవాళ్లు కొయ్యబారిపోయారు. ఒకామె ఒడి పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. బుజ్జి తల వంచుకుని, "కట్టన్నా, మేం గూడ ఆ మాట అన్నం గదా" అని మాత్రం అనగలిగింది. తర్వాత పక్కకు జరిగి, సాలులో తన పక్కన ఒక మనిషికి చోటు చేసింది.

కట్టయ్య దోసిలి నిండా గింజలు తీసుకుని చెల్లెలి దగ్గరికి నడిచాడు. గింజలు వేళ్ల సందుల్లోంచి రాలుతున్నాయి. ఆమె వాటిని చూసింది, ఆయన మొహం చూసింది. కళ్లలో నీళ్లు లేవు. చెంగు పట్టింది. గింజలు పోయించుకుంది. ఆ తర్వాత కాలితో నీళ్ల బిందెను ఆయన వైపు జరిపింది.

"నువ్వు అటు నీళ్లు మొయ్యన్నా" అంది. "గింజలు మేం వెడతం."

ఆడవాళ్లలో ఒకామె ఉలిక్కిపడి తలెత్తింది. ఆ మాట ఎవరిదో, ఎప్పటిదో వాళ్లందరికీ గుర్తుంది. కట్టయ్య వంగి బిందె ఎత్తుకున్నాడు. బోరు దగ్గరికి పోయే దారిలో ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. నర్సమ్మ సాలులో వంగి మొదటి గింజ పెడుతోంది. ఆయన పోయి నీళ్లు నింపాడు.